కామా లేదని చెప్పిన కంపైలర్

(కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంపైలర్ ప్రాజెక్టు ఆఖరి డెమోలు ముగిసిన సాయంత్రం, ఆ ల్యాబ్ చూసే అధ్యాపకురాలు మూడో సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినది. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ నడిపించగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము.)

కూర్చోండి. వెనక నిలబడినవాళ్లు కూడా రండి, ముందు రెండు వరుసలూ ఖాళీగానే ఉన్నాయి. ఇంకేం భయం లేదు, మార్కులు వేసేశాను. ఏసీ గురించి మాత్రం నన్నడగొద్దు. ఆ కిటికీ తెరిచినా వేడిగాలే వస్తుంది, వదిలేయండి.

పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. పద్నాలుగు బ్యాచులు, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. పద్నాలుగు కంపైలర్లూ ఫ్యాక్టోరియల్ 5 అడిగితే 120 అన్నాయి. ఇప్పుడు ఇంటికి పోయాక టైమెంతయిందని ఎవరైనా అడిగినా 120 అనేటట్టున్నాను. (నవ్వులు)

మీరు తెచ్చుకున్న ప్రోగ్రాములు అయ్యాక నా ప్రోగ్రామ్ ఒకటిచ్చాను, గుర్తుందా? ఏడే లైన్లు. మూడో లైను చివర సెమికోలన్ లేదు. కావాలనే తీసేశాను. ఏమైందో చెప్తాను వినండి. తొమ్మిది కంపైలర్లు 'సింటాక్స్ ఎర్రర్' అని ఒక్క ముక్క చెప్పి పడుకున్నాయి, లైను నంబరు కూడా లేదు. రెండు లైను నంబరు చెప్పాయి గానీ నాలుగో లైనన్నాయి. ఒకటి సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని కుప్పకూలింది. ఇంకొకటి ఏ తప్పూ లేనట్టు శుభ్రంగా కంపైల్ చేసి పెట్టింది. నాకు అన్నిటికన్నా భయమేసింది దానికే. ఆ బ్యాచ్ వాళ్లు తలలు దించుకున్నారు, పేరు చెప్పనులే. మిగిలిన ఒక్కటి మాత్రం 'మూడో లైను చివర సెమికోలన్ ఉండాలి' అంది.

నాలుగో లైనన్న వాళ్ల మీద నాకు కోపం లేదు. వాక్యం అమరిక సరిచూసే భాగం పార్సర్. పార్సర్‌కు సెమికోలన్ లేదని మూడో లైనులో తెలియదు. నాలుగో లైనులో మొదటి టోకెన్, అంటే మొదటి మాటో గుర్తో, చేతికొచ్చాకే 'అరె, ఇది ఇక్కడ రాకూడదే' అనుకుంటుంది. అప్పుడు చేతిలో ఉన్న లైను నంబరు అచ్చేస్తే నాలుగే వస్తుంది. ముందు టోకెన్ ఎక్కడ ముగిసిందో ఒక చోట దాచుకొని ఆ నంబరు చెప్పాలి. రెండు వేరియబుళ్ల పని. మరి ఆ పని పద్నాలుగింటిలో ఒక్క బ్యాచే ఎందుకు చేసింది? పన్నెండు వారాలూ మీరు సరైన ప్రోగ్రాములు నడిపించడం మీదే కూర్చున్నారు. కంపైలర్ వాడేవాడు రోజంతా ఇచ్చేవి తప్పు ప్రోగ్రాములు. సరైనది రోజు చివర ఒక్కసారి ఇస్తాడు, ఇచ్చి ఇంటికి పోతాడు.

పాత సంగతొకటి చెప్తాను. ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్‌ను 1954లో మొదలుపెట్టింది. ఎప్పటికవుతుందని ఎవరడిగినా ఆర్నెల్లు అనేవాళ్లట. అది బయటికొచ్చేసరికి 1957 ఏప్రిల్. మీరు నాకు 'రేపటికి అయిపోతుంది మేడం' అని ఎన్నిసార్లు చెప్పారో నేను లెక్కపెట్టలేదు, వాళ్లదీ అదే జాతి. సరే, ఆ ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్ దగ్గర వెస్టింగ్‌హౌస్ వాళ్ల బెటిస్ ప్రయోగశాలకు ప్రోగ్రామును రంధ్రాలుగా పొడిచిన కార్డుల కట్ట ఒకటి వచ్చింది. దానిమీద పేరు లేదు, ఎలా వాడాలో చెప్పే కాగితం లేదు. ఇది ఫోర్ట్రానే అయ్యుంటుందని ఊహించి, తమ దగ్గరున్న ఐబీఎం 704 కంప్యూటర్లో వేసి, ఒక ప్రోగ్రామ్ ఇచ్చారు. కంపైలర్ కొంతసేపు నమిలి ఒక మాట అచ్చేసింది: ఫలానా రకం వాక్యంలో కుడి బ్రాకెట్ తర్వాత కామా లేదు. వెతికి చూస్తే నిజంగానే లేదు. కామా పెట్టి మళ్లీ ఇచ్చారు, నడిచింది.

ఐబీఎం గడప దాటి వెళ్లిన ఆ కంపైలర్ బయటివాళ్లతో ఆడిన తొలి మాట కామా లేదని. ఆ కట్టతో పుస్తకం రాలేదు, పాఠం లేదు, అడగడానికి గూగుల్ లేదు. ఆ మనుషులకు దారి చూపింది ఆ ఒక్క మాటే. బ్రాకెట్ పేరు చెప్పింది, అది ఎడమదో కుడిదో చెప్పింది, లేనిదేమిటో చెప్పింది. మీ తొమ్మిది కంపైలర్లకూ దీనికీ మధ్య అరవై ఏళ్లకు పైగా తేడా ఉంది. వెనకబడింది ఎవరో మీరే చెప్పండి.

తెలుగు బ్యాచ్ సంగతి. ఎవరో అందరికీ తెలుసు కాబట్టి దాచను. మేం 'ఇఫ్', 'వైల్' లాంటి కీవర్డులు తెలుగులో పెడతాం మేడం అని రెండో వారం వచ్చారు. నేను వద్దనలేదు గానీ లోపల అనుకున్నాను, ఇంగ్లీషు మాట తీసి తెలుగు మాట పెడతారు, ఏముంది ఇందులో అని. పొరపాటు నాది. వీళ్లు 'అయితే' అన్న మాటను తెలుగువాడు పెట్టే చోట పెట్టారు, అంటే షరతు ముందు, 'అయితే' వెనక. 'మార్కులు < 35 అయితే' అని రాసి, తర్వాత బ్రాకెట్ తెరుస్తారు. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే లూప్ రాయాలంటే 'మార్కులు < 35 ఉన్నంతవరకు'.

చదవడానికి హాయిగా ఉంది. పార్సర్ మాత్రం ఐదో వారంలో గిలగిల కొట్టుకుంది. వీళ్లు చేత్తో రాసుకున్న పార్సర్ పైనుంచి కిందికి పోయేది, ముందున్న ఒక్క టోకెన్ చూసి ఏ దారిన పోవాలో తేల్చుకోవాలి. సి భాషలో వాక్యం మొదట్లోనే 'ఇఫ్' కనిపిస్తుంది, దారి తెలిసిపోతుంది. ఇక్కడ మొదట కనిపించేది 'మార్కులు'. అది షరతా, లూపా, ఉత్త లెక్కా? తెలియదు. మనమూ అంతే కదా. 'వాన పడితే', 'వాన పడేదాకా', 'వాన పడింది', మూడూ ఒకేలా మొదలవుతాయి. క్రియ తోక వచ్చేదాకా వినేవాడు ఆగాల్సిందే.

వాళ్లు రెండు దారులు పట్టుకొచ్చారు. ఒకటి, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ముందు భాగాన్ని ఒకే రూలుగా విడదీసి, తోకను వేరే రూలులో పెట్టడం. లెఫ్ట్ ఫ్యాక్టరింగ్ అని మీరు పరీక్షలో రాసి మర్చిపోయిందే అది. రెండోది, బైసన్‌కు మారడం, అంటే గ్రామర్ ఇస్తే పార్సర్ను తనే రాసిపెట్టే పనిముట్టుకు. బైసన్ కింది నుంచి పైకి కడుతుంది. ముందు 'మార్కులు < 35'ను ఒక లెక్కగా కట్టి పక్కన పెట్టుకుంటుంది, 'అయితే' వచ్చాక అప్పుడు నిర్ణయిస్తుంది. తెలుగు వాక్యాన్ని మన చెవి వినే పద్ధతికి అదే దగ్గర. వాళ్లు బైసన్‌కే మారారు. పైనుంచి పార్స్ చేయడానికీ కింది నుంచి పార్స్ చేయడానికీ తేడా ఏమిటో పదేళ్లుగా బోర్డు మీద చెప్తున్నాను. ఇకనుంచి ఈ ఉదాహరణే చెప్తాను, మీ పేర్లు మాత్రం చెప్పను. (నవ్వులు)

తర్వాత లెక్సర్, అంటే ప్రోగ్రాములోని అక్షరాలను టోకెన్లుగా విడగొట్టే భాగం. దాన్ని రాసిపెట్టే లెక్స్ అనే పనిముట్టును 1975లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ తయారుచేశారు. ఆ ష్మిట్టే తర్వాత గూగుల్ సీఈఓ అయ్యాడు. అప్పటికి ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ పుట్టలేదు. మనం వాడే ఫ్లెక్స్ దాని వారసుడే, దానికి ఇప్పటికీ అక్షరమంటే ఒక బైటు. యూనికోడ్ను బైట్లలో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన తెలుగు అక్షరమైనా గుర్తైనా ప్రతిదీ మూడు బైట్లు. 'మార్కులు' కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతం గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కేస్తారు కాబట్టి ఎనిమిది. బైట్లలో ఇరవై నాలుగు. దాని తర్వాత ఒక ఖాళీ వదిలి అక్కడ ఏదైనా తప్పు గుర్తు పెట్టామనుకోండి, వీళ్ల కంపైలర్ '26వ గడిలో తప్పు' అనేది. లైను మొత్తం కలిపినా కంటికి పదిహేను గడులు లేవు. అది సరిచేశారు, బాగుంది.

అసలు దెబ్బ పదో వారంలో తగిలింది. ఒక రాత్రి నాకు మెసేజి. 'టోటల్' అనే పేరు రెండో లైనులో ప్రకటించాం, ఐదో లైనులో వాడాం, 'టోటల్ ఎక్కడా ప్రకటించలేదు' అంటోంది మేడం, పేర్లు దాచే సింబల్ టేబుల్ మొత్తం చూశాం, హ్యాష్ ఫంక్షన్ కూడా మార్చాం. పొద్దున ల్యాబ్‌లో నేనూ చూశాను. రెండూ ఒకటే. అద్దాలు తుడుచుకొని చూశాను, ఒకటే. చివరికి హెక్స్ డంప్ తీసి ఒక్కో బైటూ చూస్తే ఒక 'టోటల్' పదిహేను బైట్లు, ఇంకో 'టోటల్' పద్దెనిమిది. చివర ఈ2, 80, 8సి అని మూడు బైట్లు ఎక్కువున్నాయి. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా కలిసిపోకుండా మధ్యలో పెట్టే కనిపించని గుర్తు అది. ఒకమ్మాయి ఫోన్‌లో టైప్ చేసి పంపిన లైనులో ఆ కీబోర్డు దాన్ని చేర్చింది. రెండు రోజులు పోయాయి.

దాన్ని లెక్సర్‌లోనే మింగేద్దామని కొందరు, పేరులో అలాంటిది ఉంటే తప్పు చూపిద్దామని కొందరు కాసేపు కొట్లాడుకున్నారు. నేను రెండోవైపు. కంపైలర్ గుట్టుగా సర్దుకుపోతే మనకు తెలియకుండానే తెలివైనదైపోతుంది, ఇంకోచోట మోసం చేస్తుంది. ఇవాళ డెమోలో చూశారు కదా, 'ఈ పేరులో కనిపించని అక్షరం ఉంది, ఐదో లైను' అని వచ్చింది. ఆ మాట వెనక రెండు రాత్రుల నిద్ర ఉంది. సెమికోలన్ గురించి సరిగ్గా చెప్పిన ఆ ఒక్క కంపైలరూ వీళ్లదే. దెబ్బ తిన్నవాళ్లకే ఆ శ్రద్ధ వచ్చింది.

గుట్టు అంటే గుర్తొచ్చింది. బైసన్ నడిపితే '23 షిఫ్ట్/రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్స్' అని హెచ్చరిక వస్తుంది, గ్రామర్లో రెండు దారుల్లో ఏది పట్టాలో తేలని చోట్లు అన్ని ఉన్నాయని. 'లేకపోతే' ఏ 'అయితే'కు చెందుతుందో తేలని చోట ఒకటి వస్తే అది మామూలే, బైసన్ దగ్గరి దానికి అతికిస్తుంది, మనకూ అదే కావాలి. కానీ ఇరవై మూడు! ఒక బ్యాచ్ వాళ్లు గ్రామర్‌లో ఎక్కడ చెడిందో చూడడం మానేసి, ఫైల్ పైన 'ఎక్స్‌పెక్ట్ 23' అని ఒక లైను చేర్చారు. ఇరవై మూడు వస్తాయని మాకు ముందే తెలుసు, నువ్వు నోరెత్తకు అని బైసన్‌కు చెప్పడం అది. నోరెత్తలేదు. పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టుంది. వైవాలో 7 - 3 - 2 ఎంతని వాళ్ల కంపైలర్‌నడిగాను. 6 అంది. కుడివైపు నుంచి లెక్కేసింది, మూడులోంచి రెండు పోతే ఒకటి, ఏడులోంచి ఒకటి పోతే ఆరు. ఆ ఇరవై మూడింటిలో ఒకటి ఇదే. తీసివేత ఎడమ నుంచి జరగాలని చెప్పే లైను ఒక్కటి పెట్టలేదు.

స్టాక్, అంటే ఫంక్షన్లు తాత్కాలిక విలువలు దాచుకునే చోటు, దాని గురించి ఎక్కువ చెప్పను, అందరూ ఏడ్చారు. మీ కంపైలర్ పుట్టించే అసెంబ్లీ కోడ్లో 'చూపు(10)' నడుస్తుంది. '1 + లెక్క(10)' అని రాసి, ఆ 'లెక్క' లోపల ఒక 'చూపు' పెడితే పడిపోతుంది. ఎడమవైపు 1ని స్టాక్ మీద పెట్టి పోయారు, అది 8 బైట్లు. మన ల్యాబ్ లినక్స్ మెషీన్లలో ఫంక్షన్‌ను పిలిచేముందు స్టాక్ చిరునామా 16తో సరిగ్గా భాగింపబడాలి. 'ప్రింట్‌ఎఫ్' అని 'చూపు' పిలిచే సి ఫంక్షన్ ఒకటుంది, దాని లోపల ఆ లెక్కనే నమ్ముకున్న సూచనలుంటాయి, అవి అక్కడ పడిపోతాయి. అంటే పుష్‌లు సరి సంఖ్యలో ఉంటే బతికారు, బేసి అయితే పోయారు. ఒకడు 'మా ప్రోగ్రామ్ మంగళవారాలు పనిచేయట్లేదు మేడం' అన్నాడు, వాడి బాధ నాకర్థమైంది.

ఇంకొకటి. 'తేడా(చదువు(), చదువు())' అని ఒక ప్రోగ్రామిచ్చి, 10, 3 టైప్ చేశాను. సగం బ్యాచులకు 7 వచ్చింది, సగానికి -7 వచ్చింది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. నేనిచ్చిన భాష వివరాల కాగితంలో ఆ సంగతే లేదు. వరుసగా లెక్కేసినవాళ్లకు 7, స్టాక్ మీద తిరగేసి పెట్టడం సులువని చివరిది ముందు లెక్కేసినవాళ్లకు -7. సి భాష ప్రమాణం కూడా ఈ వరుసను చెప్పదు, కంపైలర్ ఇష్టానికి వదిలేస్తుంది. ఇంకొన్ని చోట్ల ఏం జరిగినా అడగొద్దంటుంది.

మీరు పదో తరగతిలో సంధులు బట్టీ పట్టారు కదా, ఉత్వ సంధి నిత్యం. రాముడు, అతడు కలిస్తే రాముడతడే. ఏమి, అంటివి కలిస్తే మాత్రం ఏమంటివి అనొచ్చు, ఏమియంటివి అనొచ్చు, వైకల్పికం. చిన్నయసూరి వ్యాకరణంలో 'బహుళం' అని ఇంకో మాటుంది. ఒకచోట తప్పనిసరిగా జరగొచ్చు, ఒకచోట జరగకపోవచ్చు, ఒకచోట ఇష్టం, ఒకచోట మరో రకంగా జరగొచ్చు. బహుళం అని చదివి మేం చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం, ఇదేం రూలని. సి ప్రమాణం చదివాక నవ్వు ఆగిపోయింది, అక్కడా బహుళాలే. తేడా ఒకటుంది. చిన్నయసూరి 'ఇది బహుళం' అని పేరు పెట్టి చెప్పాడు. మీ రిపోర్టులో ఎవరూ చెప్పలేదు. ఆర్గ్యుమెంట్లు ఏ వరుసలో లెక్కేస్తారు, సున్నాతో భాగిస్తే ఏమవుతుంది, సంఖ్య 32 బిట్లు దాటితే ఏమవుతుంది, ఈ మూడూ ఒక్కో వాక్యంలో రాయండి. నిత్యమో, వైకల్పికమో, బహుళమో.

రిపోర్టు సోమవారానికి కావాలి. ముప్పై పేజీలు వద్దు. లెక్సర్ అంటే ఏమిటి అని నాకే పాఠం చెప్పే మొదటి పది పేజీలు తీసేయండి. 'పనిచేయనివి' అని ఒక పేజీ పెట్టండి. నలభై టెస్టుల్లో ఏవి పోతున్నాయి, ఎందుకు పోతున్నాయనుకుంటున్నారు. తెలియకపోతే తెలియదని రాయండి. 2011లో ప్రచురించిన పరిశోధనలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు సీస్మిత్ అనే పనిముట్టుతో, యాదృచ్ఛికంగా సి ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్ల మీదికి వదిలితే, లోకమంతా వాడే జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం లాంటి వాటిలో కూడా కలిపి 325కు పైగా కొత్త దోషాలు బయటపడ్డాయి. వాటిని రాసినవాళ్లు మనకన్నా తక్కువవాళ్లేం కాదు కదా. పన్నెండు వారాల్లో రాసిన మీ కంపైలర్‌లో తప్పులేమీ లేవని రిపోర్టులో రాస్తే, నేను రిపోర్టునే అనుమానిస్తాను.

టెస్టుల ఫలితాలు కంటితో పోల్చకండి. రావాల్సింది ఒక ఫైల్లో, వచ్చింది ఇంకో ఫైల్లో పెట్టి, రెండింటి తేడాలు చూపే 'డిఫ్' కమాండ్ కొట్టండి. మన ఊళ్లోనే బ్రౌన్ దొర తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే పుస్తకానికి వేర్వేరు తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చి చూపించాడు. ఎర్రముక్కపల్లిలో ఆయన పేరిట ఉన్న లైబ్రరీకి మీలో ఎంతమంది పోయారు? చేతులెత్తండి. ముగ్గురు. అందులో ఒకరు పోటీ పరీక్షలకు చదువుకోడానికి పోయుంటారు. (నవ్వులు) సరే. ఆ పండితులు నెలల తరబడి చేసిన పనిని మీకు ఒక కమాండ్ అరక్షణంలో చేసి పెడుతుంది. అదీ చేయలేదు మీరు.

ఏఐ సంగతి అడుగుతారని తెలుసు. వాడినవాళ్లు వాడారు, నాకు తెలుసు. ఒక బ్యాచ్ కోడ్‌లో రిజిస్టర్లు కేటాయించే ఫంక్షన్ ఎంత అందంగా ఉందంటే, దాన్ని ఎక్కడి నుంచి పిలుస్తున్నారో నలుగురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. వెతికితే ఎక్కడి నుంచీ పిలవట్లేదు. ఇంట్లో అలంకారానికి పెట్టుకున్న షోకేసు బొమ్మ అది. దానికి మార్కులు తీయలేదు, ఇవ్వనూలేదు.

ఇక అప్పగింతలు. మీ ఫోల్డర్‌ను కట్టకట్టి, మీ స్నేహితుడి లాగిన్‌లో విప్పి, ఫైళ్లన్నిటినీ కలిపి ప్రోగ్రాము కట్టిపెట్టే 'మేక్' కమాండ్ కొట్టండి. 'మా మెషీన్లో పనిచేస్తోంది మేడం' అన్న మాట ఇవాళ ఐదుసార్లు విన్నాను. నాలుగుసార్లు కారణం మీ హోం ఫోల్డర్ పేరు కోడ్‌లో ఉండడమే. ఐదోసారి మేక్‌ఫైల్లో ట్యాబ్ బదులు ఖాళీలున్నాయి. ఆ ట్యాబ్ గోల మీ తప్పు కాదులే. 1976లో మేక్ రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కు అది బాగోలేదని కొన్ని వారాల్లోనే తెలిసింది, అప్పటికే డజనుమంది వాడుతున్నారు, వాళ్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజనుమంది మొహమాటానికి మనం ఇప్పటికీ మూల్యం కడుతున్నాం. శనివారం ల్యాబ్ మెషీన్లు ఫార్మాట్ చేస్తారు, ఆదివారం ఫోన్ చేసి ఏడిస్తే నేను చేయగలిగిందేమీ లేదు.

ఏదో అడుగుతున్నారు వెనక... గట్టిగా. 'ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు ఆ పనిచేయనివి పేజీ చూస్తే మార్కులు తగ్గించరా మేడం?' అని. తగ్గించొచ్చు నాయనా, వచ్చేవాళ్ల మనసు నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్న మార్కులు చెప్తాను. ఇవాళ ఎక్కువ వచ్చిన బ్యాచ్‌కు నలభైలో పదకొండు టెస్టులు పోయాయి. పదకొండూ ఏవో వాళ్లు నాకన్నా ముందే కాగితం మీద రాసి తెచ్చారు. నేను వెతికిన పన్నెండోది దొరకలేదు.

సరే, ఉగ్గాని, బజ్జీలు వచ్చినట్టున్నాయి, చల్లారకముందే లేవండి. తెలుగు బ్యాచ్, ఆ మూల మెషీన్ ఇంకా ఆపలేదు కదా? ఆపొద్దు. 'మూడో లైను చివర సెమికోలన్ ఉండాలి' అని ఉంది చూడండి, ఒక్క ఫొటో తీసుకుంటాను.